కార్పెట్లు ఉతుకుతాం

"ఏయ్, ఆగవమ్మా! ఎవరు నువ్వు? ఏమిటా అంటించడం?"

గింకా కేక మెట్ల మీద నుంచే వినిపించింది.

వీధి తలుపు దగ్గరున్న ముసలావిడ తిరిగి చూసింది. చేతిలో జిగురు సీసా, సంచీలో కాగితాల కట్ట.

తలుపు మీది కాగితంలో 'కార్పెట్లు ఉతుకుతాం' అని పెద్దక్షరాలు. ఎవరికి వారు చింపుకుపోవడానికి వీలుగా అడుగున ఫోన్ నంబరు పది ముక్కలుగా కత్తిరించి ఉంది.

"చదువు రాదా? పైన ఏం రాసుంది?"

పైన రాసింది గింకాయే. 'ఈ తలుపు మీద చావు కబుర్లు తప్ప మరేవీ అంటించరాదు.'

పెర్నిక్ ఊళ్లో ఎవరు పోయినా ఫొటోతో కాగితం వేయించి తలుపులకు అంటిస్తారు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి. ఆచారాన్ని కాదనడానికి గింకా ఎవరు? మిగతా చెత్తకు మాత్రం ఆమె ఒప్పుకోదు. పదిహేడో నంబరు అపార్టుమెంటు వాళ్లు ఆమెను తమ పెద్దగా ఎన్నుకున్నదే అందుకు.

"ఒక్క వారం ఉంచు గింకా," అంది ముసలావిడ.

పోస్టు డబ్బా మీద పేరు చదివి ఉంటుందనుకుంది గింకా.

"పేరు పెట్టి పిలిస్తే కరిగిపోతాననుకున్నావా?"

కాగితం పీకి, ఉండ చుట్టి, ఏప్రన్ జేబులో కుక్కుకుంది. అప్పుడు కనిపించాయి ఆవిడ కుడిచేతి వేళ్లు. రెండు వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి.

"ఈ చేత్తో కార్పెట్లు ఉతుకుతావా? బాగానే ఉంది సంబడం!"

"చెయ్యి ఇలా అయ్యాకే ఈ పనిలోకి దిగాను," అంది ఆవిడ నవ్వి.

మంగళవారం మళ్లీ కాగితం. గింకా మళ్లీ పీకింది. పై మంగళవారమూ అంతే. జిగురు గోకీ గోకీ గింకా గోళ్లు అరిగిపోయాయి. ఆగస్టు ఆఖర్లో పొంచి ఉండి పట్టుకుంది.

"ఇంకోసారి కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తాను. సిగ్గుండాలి, ఈ వయసులో!"

"పిలువు గింకా. పిలవాల్సినప్పుడు పిలువు."

ముసలావిడ ఒక్కసారి పై ఇంటి కిటికీ వైపు చూసి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకుంది గింకా.

సెప్టెంబరులో అందరూ ముంగిట్లో చేరి, చలికాలానికి నిలవ పెట్టుకోవడానికి మిరపకాయలు కాలుస్తుంటే పై ఇంటి ఇవెలినా వచ్చింది. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా.

"పిన్నీ, తలుపు మీద కార్పెట్ల కాగితం ఉండేది కదా, ఏమైంది?"

"పీకేశాను. నీకెందుకే అది? మీ ఆయన కార్పెట్లన్నీ తీసేయించి చెక్క పలకలు వేయించాడుగా!"

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇవెలినా కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"అవును కదూ. ఊరికే అడిగాను."

ఆమె మొగుడు ప్లామెన్. పై ఇంట్లో కుర్చీలు పడటం, తలుపులు దడదడలాడటం గింకాకు కొత్త కాదు. అప్పుడల్లా టీవీ సౌండ్ పెంచేది. ఆలుమగల మధ్య దూరడం ఏం మర్యాద?

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఎంత పెంచినా ఆ సౌండ్ చాలలేదు.

అంబులెన్సు వచ్చింది. ప్లామెన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. ఇవెలినాకు ప్రాణం దక్కింది, కుడి కన్ను దక్కలేదు.

మర్నాడు గింకా మెట్ల మీది కార్పెట్ కడగడానికి కూర్చుంది. ఎంత రుద్దినా మరక పోలేదు. తడి చెయ్యి తుడుచుకోబోతే ఏప్రన్ జేబులో కాగితపు ఉండ తగిలింది. విప్పి ఫోన్ చేసింది.

"కార్పెట్ మీద రక్తం మరకలున్నాయి. ఉతుకుతారా?"

అవతలి ఆడగొంతు మెల్లగా అడిగింది.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా? ఉంటే కార్పెట్ పొడవెంతో చెప్పండి, నాకు అర్థమవుతుంది."

"ఎవరూ లేరు. ఏం, ఎందుకు?"

"ఆ రక్తం మీదేనా? నడవగలరా? అడ్రసు చెప్పండి, కారు పంపిస్తాం. ఉండటానికి చోటుంది, డాక్టరుంది, లాయరుంది. భయపడకండి, ఇందులో మీ తప్పేమీ లేదు."

గింకా చేతిలోని కాగితం మళ్లీ చదివింది.

"మీరు... కార్పెట్లు ఉతకరా?"

"లేదమ్మా. కొట్టే మొగుడు చదివినా అనుమానం రాకూడదని అలా రాస్తాం."

ఇందులో మీ తప్పేమీ లేదు. ఆ మాట తనకు చెందదని గింకాకు తెలుసు.

"ఆ కాగితాలు అంటించే పెద్దావిడతో ఒక్కసారి మాట్లాడాలి. పదిహేడో నంబరు నుంచని చెప్పండి."



"నెదెల్కా అమ్మమ్మ పోయారండీ. గురువారానికి నలభై రోజులు. ఆఖరిదాకా మీ అపార్టుమెంటు మీదే బెంగ. అక్కడొక అమ్మాయి మెడ మీద కమిలిన మచ్చలు చూశాను, కాగితమేమో నిలవనివ్వడం లేదు, అనేవారు."

గింకా నలిగిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసింది.

"గురువారం అమ్మమ్మ చావు కబురు అంటించడానికి అక్కడికే వస్తాం. దానికైతే మీ పెద్ద ఒప్పుకుంటుందిగా?"



గురువారం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అప్పటికే గింకా తలుపు తుడిచి ఉంచింది, తాను రాసిన హెచ్చరికను గోకేసింది. వాళ్ల సంచీలోంచి కార్పెట్ల కాగితం ఒకటి అడిగి తీసుకుని, తన చేత్తో అంటించింది. పక్కన వాళ్లు చావు కబురు అంటించారు.

చాలామందికి వేసినట్టే నెదెల్కాకూ వయసులో ఉన్నప్పటి ఫొటో వేశారు.

గింకా కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరగా చూసింది.

అది, నలభై ఏళ్ల కిందట ఒక చలికాలపు పొద్దున, విరిగిన వేళ్లతో గింకా తలుపు తట్టీ తట్టీ, లోపల రేడియో సౌండ్ పెరగడం విని, మెట్లు దిగి వెళ్లిపోయిన పై ఇంటి పిల్ల ముఖం.