నల్లమూతి నడుము

అయ్యలారా, అమ్మలారా, కాస్త దగ్గరికి జరగండి. ఒక మందలో నల్లమూతి అనే పొట్టేలు పిల్ల ఉండేది. కండ పట్టిన పిల్లల్నే కోతకు కొనుక్కుపోతారని విని, అది మేత మానేసింది.

ముసలి గొర్రె గౌరవ్వ నవ్వింది. "ఎండిపోతే బతికిపోతాననుకున్నావట్రా పిచ్చోడా? ఎదగనివాణ్ణే ముందు ఏరి అమ్మేస్తారు. ఎముక సాగి, నడుము గట్టిపడ్డ ఒక్కణ్ణి విత్తనపు పొట్టేలుగా మందలో ఉంచుకుంటారు. నారు పోసినవాడు నీరు పోయడా? తిను."

నల్లమూతి దేవుడి మీద భారం వేసి తిన్నది. వానలకు గడ్డి లేచింది. గుట్టలెక్కి దిగి మేసేసరికి దాని ఒళ్లు పొడుగ్గా సాగింది.

ఒకనాడు బేరగాడు వచ్చి దాని నడుము పట్టి నొక్కాడు. పాపం, నల్లమూతి గౌరవ్వ చాటుకు జారుకోబోయింది.

"వెన్ను అరచెయ్యంత వెడల్పుంది. ఇదే కావాలి ఎల్లమందా," అన్నాడు.

కాపరి ఎల్లమంద కూడా నొక్కి చూశాడు. "అందుకే ఇవ్వను బావా. వచ్చే ఏడు నా మందలో పిల్లలన్నీ వీడి పోలికే రావాలి."

బేరగాడు గొణుక్కుంటూ పక్క మంద వైపు నడిచాడు. నల్లమూతి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, గౌరవ్వ ముందున్న తుమ్మకాయలు కూడా లాక్కుని నమలసాగింది.

"భయం పోతే పోయింది గానీ, నాక్కూడా రెండు ఉంచరా," అంది గౌరవ్వ.