ఉప్పుకో గడి

“ఇవన్నీ బాగున్నాయి గాని నాయనా, ఉప్పుకి గడి ఎక్కడుంది?” అన్నారు అచ్యుతరావు గారు.

తాడేపల్లిగూడెం నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చిన అభిషేక్ తెల్లబోయాడు. బిల్లులు, స్టాకు, జీఎస్టీ, వాట్సాప్‌లో వాటంతటవే వెళ్ళే మెసేజులు, అన్నీ అప్పటికే చూపించేశాడు.

“ఉప్పు స్టాకులో వస్తుందండీ. ఎన్ని ప్యాకెట్లు కొన్నారో...”

“కొన్నది కాదయ్యా, వంటలో వేసింది.”

కోడలు ఉషశ్రీ నవ్వు ఆపుకుంది. ఏలూరులో పెళ్ళి కుదిరితే చాలామంది వంటకి అచ్యుతరావు గారికి తీరిక ఉందో లేదో కనుక్కున్నాకే ముహూర్తం పెట్టిస్తారు. ఇన్నేళ్ళూ ఆయన కొలతలన్నీ గుప్పిట్లోనే ఉండేవి. అలాంటి మనిషి తనంతట తానే కంప్యూటర్ మాట ఎత్తారు. పోయిన నెల ఓ గృహప్రవేశంలో పులుసు ఉప్పుకషాయమైంది మరి. కొత్త వంటమనిషి రెండోసారి వేసి ఉంటాడని ఉషశ్రీ నమ్మకం.

ఆ పులుసు తిన్నవాళ్ళలో జగన్నాథం కూడా ఉన్నాడు. గూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. కూతురి పెళ్ళి వంట అప్పటికే వీళ్ళకి ఒప్పజెప్పి ఉన్నాడు. మర్నాడే ఫోన్ చేశాడు. “మీ పేరు చూసి ఇచ్చానండీ. మా ఇంట్లోనూ ఇలాగే అయితే, గూడెంలో మీకు ఇంకో పొయ్యి వెలగదు.”

“మామయ్యగారూ, పెద్ద సాఫ్ట్‌వేరే తీసుకుందామండీ. ఎప్పటికైనా పనికొస్తుంది” అంది ఉషశ్రీ.

“ఏనుగుని కొని ఎలకని పట్టిస్తామా అమ్మాయ్?”

అభిషేక్ ఉన్నట్టుండి తల ఎత్తాడు. “ఏదో మాడుతున్నట్టుందండీ.”

ఉషశ్రీ పరుగెత్తింది. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె అడుగంటి నల్లగా అయిపోయింది. అచ్యుతరావు గారి కుర్చీ వంటింటి గుమ్మం పక్కనే ఉంది.

“నీ మాయపెట్టెలో పడిపోయానయ్యా” అని నవ్వేశారాయన.

అభిషేక్ ల్యాప్‌టాప్ మూసేశాడు. “మీకు కావలసింది ఇంతే అయితే ఇది అక్కర్లేదండీ. మేడంగారి ఫోన్లోనే చిన్న డేటాబేస్ చేసిస్తాను. వంటకానికో గడి, ఎంతమందికో ఇంకో గడి. పప్పు, చింతపండు, ఉప్పు తలో గడి. మనుషుల లెక్క మారిస్తే తూకాలు అవే మారిపోతాయి.”

“మరి నీ బేరం పోదూ?”

“అక్కర్లేనిది అంటగట్టి మళ్ళీ మీ గుమ్మం ఎలా ఎక్కనండీ?”

“అభిషేక్ గారూ, మామయ్యగారు ఇంతవరకు ఏదీ రుచి చూసి వండలేదండీ. నైవేద్యం అయ్యేదాకా నాలుక మీద వేసుకోరు, ఎవర్నీ వేసుకోనివ్వరు. మూత తీసి, ఆవిరి వాసనతోనే ఉప్పు చెప్పేస్తారు” అంది ఉషశ్రీ గొప్పగా.

“అయితే ఇందులోకి ఎక్కించలేనిది ఆ ముక్కు ఒక్కటేనండీ” అన్నాడు అభిషేక్.

మర్నాటి నుంచి ఇంట్లోనే కొలతల యజ్ఞం మొదలైంది. అచ్యుతరావు గారు గుప్పెడు తీస్తే ఉషశ్రీ కాటాలో తూచి ఫోన్లో ఎక్కించేది. ఉడుకు పట్టాక ఆయన మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముఖం మీదికి తోసుకుని, కళ్ళు మూసుకునేవారు.

“ఊఁ. నువ్వు చెప్పు.”

“ఇంకాస్త పడాలేమోనండీ.”

“ఎంత?”

“చిటికెడు.”

“వెయ్యి. గడిలో కూడా దిద్దు.”

పోయిన వానల్లో జ్వరంతో పడుకుని లేచినప్పటి నుంచీ ఆయనది ఇదే పద్ధతి. తనేమీ అనరు, ముందు కోడలి చేత చెప్పిస్తారు. విద్య చేతిలో పెడుతున్నారని ఉషశ్రీకి లోలోపల పొంగు. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక అడిగింది.

“నైవేద్యానికి ముందు ఒక్క చుక్క చూస్తే దేవుడు కోప్పడతాడంటారా?”

“కోప్పడడమ్మా. కోప్పడనివాడి దగ్గరే కదా మరీ జాగ్రత్తగా ఉండాలి.”

పెళ్ళి రోజు వచ్చింది. గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కాయి. ఉషశ్రీ ఫోన్ చూసి తూకాలు చెబుతోంది, వంటవాళ్ళు వేస్తున్నారు. అచ్యుతరావు గారు ఒక్కో మూతా తీయించి, ఆవిరి అందుకుని, కోడలి వైపు చూశారు. ఆమె తల ఊపింది. ఆయనా ఊపారు. నైవేద్యం అయింది, విస్తళ్ళు పడ్డాయి.

మధ్యాహ్నం జగన్నాథం తుడుచుకున్న చెయ్యి మళ్ళీ తుడుచుకుంటూ వచ్చాడు. “పులుసు రెండుసార్లు వేయించుకున్నానండీ. ఉల్లి లేకుండానే ఇంత రుచంటే ఇక నా కొట్టు మూసుకోవాలి! చిన్నమ్మాయి పెళ్ళి కూడా మీదే. మీ ముక్కు చల్లగా ఉండాలండీ.”

అచ్యుతరావు గారు చేతులు జోడించారు.

తిరుగుదారిలో భీమడోలు దగ్గర వాళ్ళ వ్యాన్ కొల్లేటి చేపల లారీ వెనక ఇరుక్కుంది. లారీలోంచి కారే నీళ్ళ కంపుకి డ్రైవరు అద్దం ఎక్కించాడు. ఉషశ్రీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అచ్యుతరావు గారు మాత్రం తన వైపు అద్దం దించి, గాలికి హాయిగా ముఖం పెట్టి కూర్చున్నారు.

“అన్నీ ఎక్కించేశాం మామయ్యగారూ. అభిషేక్ అన్నట్టు ఇక మీ ముక్కు ఒక్కటే మిగిలింది” అంది కొంగు చాటునుంచే.

“ముక్కూ ఎక్కిందమ్మా. కాకపోతే అది నీది.”

ఉషశ్రీ అర్థంకాక ఆయన వైపు తిరిగింది. ఆయన ప్రశాంతంగా నవ్వారు.

“ఆ జ్వరం తగ్గిన దగ్గర్నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు.”