మంచినీళ్ల కాపలా

“ఎడ్లను వెనక్కి తిప్పించండి త్రిమూర్తులు గారూ. బండిని గట్టెక్కనివ్వనండి.”

పాపాయమ్మ బండికి అడ్డంగా కూర్చుంది. బండి నిండా పీచు తీసే కొబ్బరి డొక్కలు. సగం నాని, నల్లబడి, వీధి మలుపు నుంచే కంపు కొడుతున్నాయి. వాటి యజమాని త్రిమూర్తులు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కన నడిచి వచ్చాడు. తన సరుకు కంపు తనే భరించలేని వ్యాపారి.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి వేసవి అది. ఏటా ఎండల్లో లాకులు మూసి కాలువ కట్టేస్తారు. ఆలోగా ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ నీళ్లే. త్రిమూర్తులు డొక్కలు కాలువలో నానేవి. నీళ్లు పోయేసరికి అవి ఎండకు బిగుసుకుపోవడం మొదలుపెట్టాయి. బిగుసుకుంటే పీచు రాదు. అందుకని వాటిని చెరువులో ఓ మూల పడేద్దామని ఆయనకు తోచింది. ఊరు తాగే నీళ్లు ఆయన కళ్లకు ఊరికే పడి ఉన్న కుండీలా కనబడ్డాయి.

పాపాయమ్మ ఆ చెరువుకు పంచాయతీ పెట్టిన కాపలా మనిషి. అంతకుముందు ఆమె మొగుడు ఆ పని చేసేవాడు. ఒక వేసవిలో అతను జ్వరంతో పడుకున్న రోజు చూసి, పెద్దరైతు ఒకాయన తన గేదెల్ని చెరువులోకి తోలించి కడిగించాడు. వారం తిరక్కుండా వాంతులూ విరేచనాలతో మొగుడూ పోయాడు, బిడ్డతో పుట్టింటికొచ్చేసిన కూతురూ పోయింది. ఊళ్లో ఇంకా కొందరు పోయారు. గేదెలకు మాత్రం ఏమీ కాలేదు. పాపాయమ్మకు ఇంట్లో మిగిలింది మనవరాలు ముత్యాలు ఒక్కతే. ఆ పిల్లకు కాస్త కడుపు నొచ్చిందంటే ఆమె రాత్రంతా పక్కనే కూర్చునేది.

అప్పటి నుంచి కర్ర పట్టుకుని గట్టు మీదే ఉంటుంది. రేవులో పుక్కిలించేవాళ్లను, బూడిదతో గిన్నెలు తోమేవాళ్లను వదిలిపెట్టదు. తిట్టదు, అడుగుతుంది. ఇంట్లో కూజాలో కూడా ఇలాగే ఉమ్ముతారా అండీ అని అడుగుతుంది. తిట్టిన దానికంటే అదే ఎక్కువ మండేది. ప్రెసిడెంటు గారి భార్య రాజ్యం అంతటి ఆవిడ కూడా ఆ ప్రశ్నకు జడిసి, కాళ్లు ఒడ్డునే కడుక్కుని దిగేది. చెరువు తన సొంతమైనట్టు పెత్తనం చేస్తోందని చాటున అందరూ అనుకునేవారు.

“ఒక్క మూల. అదీ ఆ చివరి మూల,” అన్నాడు త్రిమూర్తులు. “నీ సొమ్మేం పోయింది?”

“నీళ్లకు మూలలేంటండీ.”

“చెరువేవన్నా నీ తాత తవ్వించేడా?”

“తవ్వించినోరెవరో నాకు తెల్దండి. తవ్విందైతే మా తాతేనండి.”

బండివాడు నవ్వొచ్చి ఎడ్ల వైపు తిరిగాడు. త్రిమూర్తులు ప్రెసిడెంటు గారికి కబురు పంపాడు.

ప్రెసిడెంటు సూర్యనారాయణ గారు నెల కిందటే హైస్కూల్లో నీటి పరిశుభ్రత మీద గంటసేపు మాట్లాడి దండ వేయించుకున్న మనిషి. వచ్చి బండినీ చూశారు, చెరువునీ చూశారు. ఎన్నికల్లో త్రిమూర్తులు తన వెంట తిరగడం గుర్తు తెచ్చుకున్నారు. ఇద్దరూ సర్దుకోవాలన్నారు. ఒక పక్క డొక్కలు నానుతుంటే ఇంకో పక్క నీళ్లు ముంచుకోవచ్చని, చెరువు పెద్దదేనని తీర్పు చెప్పారు. పాపాయమ్మ ఆ వేసవిలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. వాళ్లకు కాలం తీరింది, నీళ్లేం చేస్తాయి అన్నారాయన. మధ్యలో వాచీ చూసుకున్నారు.

 పాపాయమ్మ కర్ర ఊతంగా లేచి బండికి దారి ఇచ్చింది.

“ఆయ్, తవరు చెప్పేక ఇంకేవుందండి. దింపించండి. అమ్మాయిగారి పెళ్లి ఈ నెల్లోనేగదండీ?”

“అవును. అదెందుకిప్పుడు?”

“ఏం లేదండి. రామచంద్రపురం వియ్యాలోరు కాఫీ నోట్లో పోసుకుని, ఇదేం కంపండీ అంటే, మా త్రిమూర్తులు గారి డొక్కలండీ అని చెప్పుకోవాలి గదండీ. మడుసులు పోతే కాలం తీరిందనొచ్చండి. కాఫీ కంపు కొడితే వియ్యాలోరు ఊరుకోరండి.”

సూర్యనారాయణ గారు చెరువు వైపు కొత్తగా చూశారు. అన్ని ప్రాణాలకు చలించని మనిషి కాఫీకి చలించారు. బండి తక్షణం వెనక్కి తిప్పమన్నారు. త్రిమూర్తులు ఏదో అనబోతే, ఊరు తాగే నీళ్లలో కుళ్లు కలుపుతావా, బుద్ధుందా అని కసిరారు. ఈలోగా జనం పోగయ్యారు. జనాన్ని చూస్తే ఆయనకు మాట ఆగదు. నీరు దేవుడితో సమానమనీ, తన హయాంలో ఈ చెరువుకు మైల సోకనివ్వననీ చెప్పారు. కొందరు చప్పట్లు కొట్టారు. కాఫీ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ పాపాయమ్మ దగ్గర ఆగారు.

“నువ్వుండబట్టి ఊరు బతికిందే. నీలాంటిది ఊరికొకత్తి ఉండాలి.”

“ఆయ్,” అంది పాపాయమ్మ.

ఎండ తగ్గాక ఆడవాళ్లు ఒక్కొక్కరే రేవులో దిగి బిందెలు ముంచుకున్నారు. నీళ్లు అడుగు మెట్టు కనబడేంత తేటగా ఉన్నాయి. ఎవరూ పుక్కిలించలేదు, ఎవరూ ఉమ్మలేదు. పాపాయమ్మ కళ్లు వాళ్ల చేతుల మీదే ఉన్నాయి. చీకటి పడితే ముత్యాలుకు గంజి కాయాలి, ఇంట్లో చుక్క నీళ్లు లేవు.

తన బిందె గట్టు కింద పెట్టి, రేవులో దిగినవాళ్లెవరైనా దాన్ని అంటకుండా పైనుంచి నీళ్లు పోసేదాకా ఆమె దూరంగా నిలబడింది.