నాలుగో ఆప్షన్

మెదక్ కంప్యూటర్ సెంటర్లో, 2011లో, ఎలిశిబా ఒక్క మార్కుతో పరీక్ష తప్పింది. దాంతో బడిలో ఖాయమైన ఉద్యోగమూ పోయింది.

"నగేషన్నా, ఏ ప్రశ్న పోయిందో జర చూడుండ్రి."

అక్కడ పాఠాలు చెప్పే నేను, సాఫ్ట్‌వేర్‌లో నమోదైన ఆమె జవాబులు తెరిచాను. "మన రాష్ట్రం పేరు?" అన్న ప్రశ్నకు ఆమె "తెలంగాణ" నొక్కింది. పక్కనే ఎర్రగా "తప్పు" అని ఉంది.

"తప్పెట్లయితది? మీ ఉద్యమ కరపత్రాలల్ల గట్లనే రాస్తరు గదా. మార్చుండ్రి."

"జవాబు ఒకసారి ఎక్కినంక ఎవ్వలం మార్చలేం," అని బల్ల గుద్దాను.

"గీ ప్రశ్న రాసినోడు తెలంగాణకు దుష్మనే అయ్యుంటడు."

ఆ ప్రశ్న రాసింది నేనే. సరైన జవాబుగా ఆంధ్రప్రదేశ్ పెట్టక తప్పలేదు. మన పేరు కనీసం తెర మీదైనా కనిపించాలని, నాలుగో ఆప్షన్‌గా తెలంగాణను చేర్చాను.