పాస్‌వర్డ్ అడగని బటన్

నమంగాన్ బజారులోని నా రిపేరు కొట్టుకి కొత్త కోడలు ముకద్దస్ అత్తగారి వెనకాల ల్యాప్‌టాప్ మోసుకొచ్చింది. హార్డ్‌డిస్కు పోయింది. అత్తగారు పక్క కొట్లో బేరానికి దిగగానే నెమ్మదిగా అడిగింది.

"ఉస్తా, కొత్తది వేశాక ఈ మూలనున్న చిన్న బటన్ కూడా పనిచేసేలా చూడండి."

అది నొక్కితే విండోస్ లేకుండానే ఐదు లెక్కపెట్టేలోపు నెట్ వస్తుంది. దాన్ని ఎవరూ వాడరు. అయినా ఆ బటన్ ప్రోగ్రాం ఉన్న సీడీ కోసం రెండు రోజులు తిరిగి, తెచ్చి ఎక్కించాను.

తీసుకెళ్లడానికి అత్తగారొక్కతే వచ్చింది. నా పనితనం చూపించుకోవాలనిపించింది.

"చూడండమ్మా, ఇది పాస్‌వర్డ్ కూడా అడగదు. మీ కోడలు మరీమరీ చెప్పింది."

ఆవిడ ఆ బటన్ తనే ఒకసారి నొక్కి చూసింది.

"కోడలు పుట్టింటివాళ్లతో మాట్లాడకూడదనే మావాడు పాస్‌వర్డ్ పెట్టాడు. వాకిలి ఊడవడానికి అంత చీకటితో ఎందుకు లేస్తోందో ఇప్పుడు తెలిసింది. తీసెయ్యి నాయనా."

తీసేశాను. రెండు నిమిషాలు పట్టింది.

వారం తర్వాత ముకద్దస్ బజారులో ఎదురై, కొత్త కోడళ్ల పద్ధతిలో మూడుసార్లు వంగి సలాం చేసింది.

"ఆ బటన్ పనిచెయ్యట్లేదు ఉస్తా."

"సీడీ దొరకలేదమ్మా. రెండు రోజులు వెతికాను."

అంత వెతికినందుకు మళ్లీ వంగి సలాం చేసింది.