కొలత తప్పిన జగన్నాధం

నీలవేణి చేటలో బియ్యం ఏరుతూనే, కాలితో గుడ్డసంచిని దగ్గరికి లాక్కుంది. మొగుడు దుకాణం నుంచి తెచ్చిన సంచి. లోపలన్నీ జీన్సు ముక్కలే.

గజపతినగరంలో ఎవరు జీన్సు ప్యాంటు కొన్నా అది పొడుగే. కొన్నవాడు కొన్నట్టే జగన్నాధం మిషను దగ్గరికి వస్తాడు. రెండంగుళాలు తగ్గించమంటాడు. ఆ తెగిన అంచులన్నీ సాయంత్రానికి ఇల్లు చేరతాయి. వాటితో నీలవేణి బొంత కుడుతోంది.

"జీన్సుతో బొంతేటే? కప్పుకున్న మనిషి మళ్ళీ లేవగలడా?" అంది పక్కింటి గున్నమ్మ, గుమ్మంలో చతికిలబడి.

"మాఘమాసం రానీ పిన్నీ, నువ్వే అడుగుతావు." నీలవేణి ఒక ముక్క తీసి వేళ్ళతో కొలిచింది. "కాకపోతే ఇవి మరీ సన్నం. రెండంగుళాల్లో అంగుళం కుట్టులోకే పోతాది. నాలుగంగుళాలుంటే గానీ వరస కుదరదు. అది సరే గానీ, నీ మోకాలు నెప్పి ఎలాగున్నాది?"

గున్నమ్మ మోకాలి సంగతి అరగంట చెప్పింది.

గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కుంటున్న జగన్నాధం ఏమీ అనలేదు. అతను అనే మనిషి కాదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో కూర బాగుందని ఒక్కసారీ అనలేదు. మారు వడ్డించుకుంటే బాగున్నట్టు లెక్క.

పది రోజులకి ఆర్టీసీ కండక్టరు గోవింద్ ఇంటి మీదికొచ్చాడు. అతని ప్యాంటు చీలమండలకి పైనే ఆగిపోయింది.

"వదినా, నువ్వే సూడు! రెండంగుళాలు తియ్యమంటే అన్న నాలుగు తీసేసినాడు. బస్సులో అందరూ నా కాళ్ళకేసే సూత్తన్నారు."

"నువ్వే ఎదిగుంటావు."

"నలభయ్యేళ్ళకా?"

మజ్జిగిచ్చి పంపించింది గానీ, నీలవేణికి దిగులు పట్టుకుంది. పాతికేళ్ళలో జగన్నాధం కత్తెర సుద్దగీత దాటలేదు. ఆ పేరు మీదే దుకాణం నడుస్తోంది.

గోవింద్ ఒక్కడే కాదు. తర్వాత ఇంకా నలుగురొచ్చారు. కాలేజీ పిల్లలు ఇప్పుడిదే ఫేషనని సంబరపడ్డారు. మిగిలినవాళ్ళు మాత్రం స్టేషను దగ్గర కొత్తగా పెట్టిన టైలరు వైపు నడిచారు.

"మావా, నీ కళ్ళకేటైనా అయ్యిందేటి?"

"ఏటీ అవలేదు."

"మరి గీత కనిపిస్తన్నాదా?"

"ఆఁ."

"మరి?"

జగన్నాధం పేపరు తిరగేశాడు.

మర్నాడే విజయనగరం బయలుదేరదీసింది. ఎక్కిన బస్సు గోవింద్‌దే. "ముందు సీట్లో కూకో అన్నా. మా అందరి కాళ్ళూ నీ కళ్ళ మీదే ఆధారపడున్నాయి," అన్నాడు గోవింద్. బస్సంతా నవ్వింది. జగన్నాధం కిటికీలోంచి చూశాడు.

డాక్టరు వయసుకి తగ్గ చత్వారమే అని కళ్ళజోడు రాసిచ్చాడు. నీలవేణికి ప్రాణం లేచొచ్చింది. తిరుగు బస్సులో దారి పొడుగునా వాగుతూనే ఉంది. టమాటాలు కుళ్ళిపోతున్నాయంది. గున్నమ్మ కోడలు కొత్త మిక్సీ కొందంది. బొంత చుట్టూ ఆరంగుళాల పట్టీ వేస్తే బాగుణ్ణంది. రామతీర్థం వెళ్ళి చాలా రోజులైందంది. జగన్నాధం కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండా ఎరువుల కొట్టు రమేష్‌బాబు వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని మరీ కోసిన ప్యాంటు. ఈసారి పోయింది ఆరంగుళాలు.

"అక్కా, సూసుకోకుండా ఇది తొడుక్కుని అత్తోరింటికెళ్ళాను. మా మావ నన్ను కింద నుంచి పైదాకా సూసి, 'ఏటల్లుడుగారూ, వరిమడి దమ్ములోంచి తిన్నగా వచ్చేసినారా?' అన్నాడు."

ఇంకోనాడైతే నీలవేణి పడీ పడీ నవ్వేది. ఆ రోజు తిన్నగా దుకాణానికి వెళ్ళి చెయ్యి చాపింది.

"కత్తెరిలాగియ్యి. ఇక నుంచి కొలతా కోతా నేను సూస్తాను. నువ్వు మిషను తొక్కు సాలు."

ఎదురు చెబుతాడనుకుంది. చెప్పలేదు. పాతికేళ్ళ కత్తెరని ఒకసారి ప్యాంటుకి తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తుడవడం చూసి నీలవేణికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఎవరి కాళ్ళూ బయటపడలేదు. వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ముక్కలు మళ్ళీ రెండంగుళాలకి దిగిపోయాయి. బొంత చివరి వరసలో నాలుగు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి.

"ఒక్కోటీ జానెడుండాలి. అదీ ముదురు నీలం. ఇంకెక్కడొస్తాయిలే," అంటూ సాయంత్రం దాన్ని మడిచి మంచం కిందికి తోసేసింది. బొంత పోతే పోయింది. కోత తనకీ వచ్చును, కానీ మనిషి చూపే పోతే ఏం చెయ్యాలి? వచ్చే వారం విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాలి.

పొద్దున్న ముగ్గేసి లోపలికొచ్చేసరికి బొంత మంచం మీద పరిచి ఉంది.

ఖాళీ గళ్ళలో నాలుగు ముదురు నీలం ముక్కలు. నీలవేణి టేపు తీసి కొలిచింది. నాలుగూ జానెడే. ఒక్క నూలుపోగు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"మావా! ఇయ్యెక్కడివి?"

పిక్కల మీదే ఆగిపోయిన తన సొంత జీన్సు ప్యాంటులో, జగన్నాధం గుమ్మం దాటి దుకాణానికి వెళ్ళిపోయాడు.