పక్కగది తాళం

యూనివర్సిటీలో ఒక్కో కౌన్సెలర్ దగ్గర ఒక్కో విద్యార్థికి కౌన్సెలింగ్ కొద్ది వారాలే. ఆ వారాలన్నీ కౌన్సెలరమ్మ ముందు నోరు విప్పని అమ్మాయి, గడువయ్యాక పక్కగది కౌన్సెలర్‌కి అప్పగించిన మొదటి సాయంత్రమే గలగలా మాట్లాడేస్తోంది. గోడకి చెవి ఆనించిన ఆవిడకి కడుపు రగిలిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. పక్కగది కౌన్సెలరే.

“అక్కా, జ్వరంతో ఇంట్లో పడున్నా. ఆ పిల్ల వస్తే కాస్త నువ్వే చూడవూ? నా గదికి తాళం వేసే ఉంది.”

గోడ అవతల మాటలు ఆగాయి.

“పాత మేడమ్ వింటున్నారు,” అంది అమ్మాయి.

“విననీ తల్లీ,” అంది మెత్తటి గొంతొకటి. “పాపం, ఆవిడ గోడు వినేవాళ్ళు మాత్రం ఎవరున్నారు?”

అంత ఆప్యాయత ఆ పిల్ల ఒక్కదానికేనా? కౌన్సెలరమ్మ చరచరా బయటికొచ్చి, తాళం వేలాడుతున్న ఆ తలుపు ముందు తన వంతు కోసం నిలబడింది.